కోత పండుగ వేలంలో నా ఐస్ బూట్లు

మెదక్‌లో మంచు మీద హాకీ ఆడి పొట్ట పోసుకున్న మనిషిని నేనొక్కదాన్నే. గొప్పకు చెప్పడం లేదు. మా ఊళ్లో ఐసు రెండే చోట్ల దొరుకుతుంది: చేపల మార్కెట్‌లో చేపల కింద, ఎండాకాలంలో ఐస్‌గోలా బండి మీద. రెండు చోట్లా మనిషి నిలబడే వీలు లేదు. అందుకని నాకు పోటీ రాలేదు.

నేనేం పని చేస్తానని అడిగినవాళ్లకు అమ్మ మనిషిని బట్టి జవాబు చెప్పేది. చర్చిలో వాళ్లకు ఆటల నౌకరి. చుట్టాలకు దుబాయిలో టీచర్. మరీ గుచ్చి గుచ్చి అడిగేవాళ్లకు ఐసు పని. మూడూ నిజమే కాబట్టి నేను ఏదీ సరిదిద్దలేదు. స్కూలు బస్సు నడిపే నాన్న మాత్రం మొదట్లోనే తన అభిప్రాయం చెప్పేశాడు. "ఐసును సర్బత్‌ల ఏస్కొని తాగాలె గని, దాని మీదికెక్కి దుంకుడేందిరా?" అన్నాడు. అన్నాక ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. విమానాశ్రయానికి నన్ను తీసుకెళ్లినప్పుడు కూడా దారి పొడుగునా వేరేవాళ్ల డ్రైవింగ్ గురించే మాట్లాడాడు.

మొదలైంది మంచుతో కాదు, చక్రాలతో. మా బడికి వచ్చిన వ్యాయామం సారు ఎక్కడినుంచో కొన్ని జతల రోలర్ స్కేట్లు పట్టుకొచ్చి, బడి వెనక సిమెంటు నేల మీద మమ్మల్ని తోసి వదిలేసేవాడు. ఎలా ఆగాలో ఆయన నేర్పలేదు. ఆయనకూ తెలియదని తర్వాత తెలిసింది. నేను బొద్దుగా ఉండేదాన్ని, పడితే దెబ్బ తగిలేది కాదు. ఆ ఒక్క గుణంతో హైదరాబాద్ వరకు వెళ్లాను. అక్కడ రాష్ట్రం తరఫున ఐస్ హాకీ జట్టు కడుతున్నారు. పరిగెత్తడానికి, కొట్టడానికి అమ్మాయిలు దొరికారు గానీ గోల్ ముందు నిలబడి దెబ్బలు తినడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అలా నా ప్రతిభ బయటపడింది.

ఐస్ హాకీలో బంతి ఉండదు. నల్ల రబ్బరు బిళ్ల ఉంటుంది, అరచేతి మందాన. అది మంచు మీద జారుతూ, ఒక్కోసారి లేచి, ముఖం మీదికి వస్తుంది. మెదక్‌లో అలాంటి బిళ్లను ఆపే సాధన ఎలా చేయాలని చాలా రోజులు ఆలోచించాను. చివరికి అమ్మ ఆ బాధ్యత తీసుకుంది. సాయంత్రాలు నేను వాకిట్లో రెండు బకెట్ల మధ్య నిలబడితే, ఆమె అరుగు మీద కూర్చుని రబ్బరు చెప్పులు విసిరేది. ఆమెకు గురి ఎక్కువ. నా చిన్నప్పటి నుంచి ఉన్న అనుభవం. ఆమె విసిరిన చెప్పు ఆపినవాళ్లకు ప్రపంచంలో ఏ బిళ్లయినా పెద్ద కష్టం కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

నిజం మంచు మొదటిసారి లదాఖ్‌లో చూశాను. గడ్డకట్టిన చెరువు మీదికి నడవమన్నారు. మా వైపు చెరువులో నడిచినవాళ్లను బయటికి తీసి పేపర్లో వేస్తారు. నేను ఒడ్డునే చాలాసేపు నిలబడ్డాను. అక్కడి చిన్న పిల్లలు నన్ను దాటుకుంటూ జారిపోయారు, కొందరు వెనక్కి తిరిగి జారారు. సిగ్గు వేసి దిగాను.

ఆ శిబిరంలో శిక్షణ ఇవ్వడానికి చల్లని దేశం నుంచి ఒకావిడ వచ్చింది. వెళ్లిపోతూ తన బూట్లు నాకిచ్చేసింది. గోల్‌కీపర్ బూట్లు మామూలు ఆటగాళ్లవాటిలా ఉండవు. వాటి కింద ఇనుప పట్టీ ఉంటుంది. చూసేవాళ్లు దాన్ని కత్తి అనుకుంటారు. కత్తి కాదు. దాని అడుగున పొడుగునా సన్నని గాడి ఉంటుంది, ఆ గాడికి అటూ ఇటూ రెండు అంచులు. ఆ గాడి ఉంటేనే మంచు మీద ఆగగలం, పక్కకు జరగగలం. గోల్‌కీపర్ బతుకంతా పక్కకు జరగడమే. ఆ జత నా కాలికి రెండు జతల సాక్సులతో సరిగ్గా సరిపోయింది. అలాంటివి మెదక్‌లో కాదు కదా, హైదరాబాద్‌లో కూడా దొరకవు. నాకున్న ఆస్తి అదే.

కొన్ని చలికాలాలు అలా లదాఖ్ వెళ్లి, ఓడి, తిరిగి వచ్చాక, దుబాయిలో ఒక మాల్‌లో మంచు మైదానం నడిపేవాళ్లు కబురు పంపారు. పగలు పిల్లలకు నేర్పాలి, సాయంత్రం వాళ్ల క్లబ్ తరఫున గోల్‌లో నిలబడాలి. జీతం ఉంది. షరతులు రెండు: సామాను నాదే తెచ్చుకోవాలి, వచ్చిన మొదటి పొద్దున్నే పరీక్ష పెడతారు, నచ్చకపోతే తిరుగు టికెట్ చేతిలో పెడతారు. నేను అప్పటిదాకా బతుకులో దేన్నీ అంతగా కోరుకోలేదు. టికెట్ మంగళవారానికి వచ్చింది. దాని ముందు ఆదివారం మా చర్చిలో కోత పండుగ.

మా చర్చి అంటే ఊరంతా చూడటానికి వచ్చే పెద్ద చర్చి కాదు. దాని గోపురం మా మేడ మీదికి కనిపిస్తుంది, గంట వినిపిస్తుంది, అంతవరకే. మాది గల్లీ చివర రేకుల కప్పుతో ఉన్న చిన్న చర్చి. కోత పండుగ రోజు ఎవరు దేనితో బతుకుతారో అందులో మొదటిది తెచ్చి పాస్టర్ ప్రార్థన చేసే ఆల్టర్ ముందు పెట్టాలి. రైతులు కొత్త వడ్లు, కుట్టుపని వాళ్లు ఒక జాకెట్, కోళ్లున్నవాళ్లు ఒక పుంజు. ప్రార్థన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. ఆ వేలానికి చుట్టుపక్కల హిందువులు కూడా వస్తారు, వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని వేలం పాట పాడతారు. సొరకాయకు బజారులో కంటే ఇక్కడ ఎక్కువ ధర పలుకుతుంది, ఎందుకంటే ఇక్కడ అందరూ చూస్తుంటారు.

ఆ ఏడు దసరాకు అమ్మ పక్క ఊరు హవేలిఘనపూర్ మీదుగా వస్తూ ఒక ఇంటి ముందు ట్రాక్టర్‌కు, వరికోత మిషన్‌కు బంతిపూల దండలు వేసి పూజ చేయడం చూసింది. వాళ్ల పనిముట్లకు వాళ్ల దేవుని దీవెన దొరుకుతుంటే మన పనిముట్లు ఏం పాపం చేశాయని ఆమెకు అనిపించింది. అది నాకు చెప్పలేదు. చెబితే వద్దంటానని తెలుసు. పండుగ రోజు పొద్దున్నే నేను తలస్నానం చేస్తుండగా నా బూట్లు తుడిచి, ఇనుప పట్టీలకు కొబ్బరినూనె రాసి, బంతిపూల దండ చుట్టి తీసుకెళ్లి ఆల్టర్ మెట్టు మీద ఒక పక్కగా పెట్టింది. పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేస్తే తిరిగి తెచ్చుకుందామని ఆమె లెక్క. తర్వాత కానుకలు సర్దినవాళ్లు ఆ జతను తీసి, గుమ్మడికాయకూ పుంజుకూ మధ్య వరసలో పెట్టారు.

నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని, కీర్తన మధ్యలో తల ఎత్తి చూశాను. నా ఆస్తి దండ వేసుకుని నన్నే చూస్తోంది. పుంజు దాని లేసును పొడుస్తోంది. నేను అమ్మ మోచేతిని గిల్లాను. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థిస్తోంది. ఆ ప్రార్థన నా గురించే కాబట్టి ఆపడం కష్టమైంది.

వేలం అయ్యగారే వేస్తారు. గుమ్మడికాయ పోయింది. తర్వాత ఆయన నా బూట్లను రెండు చేతులా ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి బూట్లు. కింద కత్తులున్నయి. దేవుని సన్నిధికి వచ్చినయి. పాడుండ్రి" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, అవి నావి. పొరపాటున పెట్టిన్రు."

"గిక్కడున్నయన్నీ ఎవలియో ఒకలియే గద అమ్మా," అన్నారు ఆయన చాలా దయగా. "ఆల్టర్ కాడికి వచ్చినంక వాపసు ఉండది. నీకు కావాల్నంటె నువ్వు గూడ పాడు."

అమ్మ కళ్లు తెరిచింది. ఏం జరిగిందో అర్థమయ్యాక ఆమె ముఖం పాలిపోయింది, కానీ చర్చిలో ఉంది కనుక నోరు తెరవలేదు. చికెన్ సెంటర్ ఆయన ఇనుము బాగుందని మొదటి పాట పాడాడు. నేను దాని మీద పాడాను. ఆయన తగ్గాడు. అయిపోయింది అనుకునేలోపు వెనక కుర్చీల్లోంచి ఇంకో గొంతు వచ్చింది.

ఆ గొంతు హవేలిఘనపూర్ పటేల్‌ది. మా సంఘంలో సగం ఇళ్లవాళ్లు ఒకప్పుడు ఆయన పొలంలో కోతకు వెళ్లినవాళ్లే. ఏటా ఆయన తెల్ల ధోతి కట్టుకుని వచ్చి ఒక వస్తువు పాడి తీసుకెళ్తాడు. అంతవరకు నాకు తెలుసు. ఆయన పాట మీద నేను పెంచాను. ఆయన నన్ను చూసి, సంతోషంగా తల ఊపి, ఇంకా పెంచాడు. అమ్మ నా కొంగు పట్టి లాగింది.

"పటేల్ మీద పాట పెంచుతవానే? కూసో!"

"అవి లేకుంటె నేను మంగళవారం పోయేది లేదమ్మా."

నేను పెంచాను. ఆయన ఇంకా ఉత్సాహపడ్డాడు. నేను సంఘం మీది ప్రేమతో పాడుతున్నానని, తను వెనకబడితే మర్యాద కాదని ఆయన అనుకున్నాడు. ప్రయాణానికి దాచుకున్నదంతా పాడేశాక నేను ఆగిపోయాను. చర్చి అంతా చప్పట్లు కొట్టింది. మా సంఘం చరిత్రలో ఒక జత బూట్లకు అంత ధర ఎప్పుడూ రాలేదని అయ్యగారు ప్రకటించారు. బూట్లే రాలేదు, ధర సంగతి తర్వాత. పటేల్ లేసులు ముడేసి నా బూట్లను భుజానికి తగిలించుకుని, స్కూటర్ మీద వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక నేను గట్టిగా ఏడ్చాను. నాన్న టీవీ సౌండ్ తగ్గించాడు. ఆయన ఓదార్చడం అలాగే ఉంటుంది. అమ్మ మాత్రం అప్పటికి తేరుకుంది.

"ఊకో. ఆయన పాడినవి ఎవలియి వాళ్లకు వాపసిస్తడు. నువ్వు హాస్టల్‌ల, లదాఖ్‌ల ఉంటివి గద, నీకెరుక లేదు. పోయినేడు మన కోడిని గూడ పాడి, మర్నాడు మనింటికే తోలిండు. నూకలు గూడ ఇచ్చిండు."

"ముందుగాల చెప్పొద్దా?"

"గుళ్లె మాట్లాడొద్దని నీకు నేర్పింది నేనే గద," అంది. ఇలాంటి మనిషితో వాదించి నేను ఎన్నడూ గెలవలేదు.

సోమవారం పొద్దుటి నుంచి వీధి గుమ్మంలోనే కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక పటేల్ స్కూటర్ వచ్చింది. గోనెసంచిలో చుట్టిన మూటను రెండు చేతులతో తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. దేవుడా, నువ్వున్నావు అనుకుని గోనె విప్పాను. ఇనుప పట్టీలు ఎండలో తళతళలాడుతున్నాయి. వేలు పెట్టి చూశాను. వేలు తెగింది.

"కొడవలి ఒకలది తెచ్చుకుంటె మొండిగ వాపసియ్యొద్దు బిడ్డా," అన్నాడు పటేల్ అరుగు మీద కూర్చుంటూ. "సాన పట్టించి ఇయ్యాలె. మా నాయిన కాలం నుంచి గదే ఇజ్జత్. ఇప్పుడు మిషన్లొచ్చె. కొడవలి అడిగేటోడు లేడు, ఇచ్చేటోడు లేడు. శానా ఏండ్లయింది నేను ఒకలకు నూరించి ఇయ్యక. నీ బూట్లకు మొత్తం అంచే లేదు, ఎవడో పనికిమాలినోడు నడుమ గాడి కొట్టిండు. ఆ గాడి మొత్తం పోగొట్టించిన. సాన పట్టేటాయన నిన్న రాత్రి కెళ్లి గదే పని మీదున్నడు. చూడు ఎట్లున్నదో!"

చూశాను. రెండు అంచులు లేవు. ఒక్క అంచే ఉంది, వరి కోయడానికి సిద్ధంగా. గాడి ఎక్కడుండేదో కూడా తెలియడం లేదు. ఆ గాడి మళ్లీ పెట్టే మిషన్ మా రాష్ట్రంలో ఎక్కడా లేదని నాకు తెలుసు. మళ్లీ ఏడవాలనిపించింది, ఆయన్ను తిట్టాలని కూడా అనిపించింది. కానీ ఆయన ముఖం చూస్తే అందులో అంత సంతోషం ఉంది, పొలంలో మొదటి వరి పన కట్టినవాళ్ల ముఖంలో ఉండే సంతోషం. అమ్మ చాయ్ తెచ్చింది.

"మంచిగున్నదా బిడ్డా?"

"మస్తుగున్నది పటేలా," అన్నాను, వేలు చున్నీలో దాచుకుంటూ.

మంగళవారం అలాగే వెళ్లాను. ఇంకేం చేయను?

దుబాయి మాల్‌లో మంచు మైదానం మూడో అంతస్తులో ఉంది, ఒక పక్క బిర్యానీ, ఒక పక్క చెప్పుల దుకాణం. కోచ్ పొడుగాటి మనిషి, చల్లని దేశపు ఇంకో ఆవిడ, మాటలు తక్కువ. వెళ్లగానే ఇక్కడ బూట్లకు గాడి పెట్టే మిషన్ ఎక్కడని అడిగాను. మిషన్ ఉంది, నడిపే అతను ఆ రోజు సెలవు. అప్పుడు సంగతి చెప్పేద్దామనుకున్నాను. మా పక్క ఊరి పెద్దమనిషి వీటిని చర్చి వేలంలో కొని, కొడవలి అనుకుని నూరించాడు అని ఇంగ్లీషులో చెప్పడానికి మాటలు వెతికాను. దొరికిన మాటలు నాకే నమ్మేలా లేవు. ముఖానికి గోల్‌కీపర్ల గట్టి ముసుగు తగిలించుకుని మంచు మీదికి దిగాను.

ఆ పట్టీలు మంచులోకి దిగబడి, ఎటు పెడితే అటే తిన్నగా పోయాయి. ఆగడం కుదరలేదు. గోల్ స్తంభాన్ని కావలించుకుని ఆగాను. తర్వాత మెల్లగా గోల్ మధ్యలోకి జరిగి, రెండు కాళ్లూ దించి నిలబడ్డాను. అంతే. ఇక పక్కకు జరగడం నా వల్ల కాదు. జరగబోతే పడతాను, పడితే తిరుగు టికెట్. కాబట్టి నిలబడ్డాను. కాలు కింద నాటేసినట్టు ఉంది. అమ్మ చెప్పులు విసిరే వాకిలి గుర్తొచ్చింది, ఆమె ప్రార్థన కూడా గుర్తొచ్చింది, ఆ ప్రార్థన ఎక్కడికి తెచ్చిందో కూడా గుర్తొచ్చింది.

క్లబ్ ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. వాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. కుడివైపు కొడుతున్నట్టు నటిస్తారు, గోల్‌కీపర్ అటు జరగగానే ఎడమవైపు కొడతారు. మొదటామె నటించింది. నేను జరగలేదు. ఆమె కంగారుపడి బిళ్లను నా పొట్ట మీదికే కొట్టింది. రెండో ఆయన ఇంకా బాగా నటించాడు. నేను చూస్తూ నిలబడ్డాను. బిళ్ల నా మోకాలికి తగిలింది. ఒకాయన ఎంతసేపు నటించాడంటే, నటిస్తూ నటిస్తూ వచ్చి గోల్ దాటిపోయాడు. కొన్ని లోపలికి పోయాయి, కాదనను. కానీ ఎక్కువ భాగం నా ఒంటికే తగిలాయి.

పరీక్ష అయ్యాక కోచ్ దగ్గరికొచ్చి నన్ను పరీక్షగా చూసింది. "ఎంత మంది మాయ చేసినా కదలని గోల్‌కీపర్‌ను ఇప్పుడే చూస్తున్నాను. ఇంత నిబ్బరం ఎక్కడ నేర్చుకున్నావు?" అంది.

"మెదక్‌లో," అన్నాను.

అలా నా వృత్తి జీవితం మొదలైంది. కదలనందుకు ఉద్యోగం వచ్చింది. మర్నాడు మిషన్ నడిపే అతను నా బూట్లు చేతిలోకి తీసుకుని, ఇది ఎవరు పట్టారని అడిగాడు. కొడవళ్లకు పట్టేవాళ్లు అని చెప్పాను. అతను వాటిని దీపం కిందికి తీసుకెళ్లి మళ్లీ ఒకసారి చూశాడు. తర్వాత గాడి పెట్టి ఇచ్చాడు. పట్టీ కొంత అరిగిపోయింది, నేను ఆ తర్వాత ఆడినంత కాలం ఆ మేరకు పొట్టిగానే ఆడాను. గాడి వచ్చాక పక్కకు జరగడం మొదలుపెట్టాను. జరిగేకొద్దీ గోల్స్ ఎక్కువ పోయాయి. మొదటి రోజు నిబ్బరం ఏమైందని కోచ్ నెలల తరబడి అడిగింది.

నేను గొప్ప ఆటగత్తెను కాదు. అయినా ఆడాను. పగలు పిల్లల చేతులు పట్టుకుని జారించేదాన్ని, సాయంత్రం నిలబడి తన్నులు తినేదాన్ని. కొన్ని గెలిచాం, చాలా ఓడాం, ఒకసారి ముసుగు పగిలింది. శుక్రవారాలు మా వైపు నుంచి పని కోసం వచ్చినవాళ్లు ఏసీ కోసం మాల్‌కు వచ్చి అద్దం అవతల నిలబడేవారు. వాళ్లలో అల్లాదుర్గ్ అతను ఒకడు నా యాస పట్టేసి, "అక్కా, జర ఆపే!" అని అరిచేవాడు. ఆపలేకపోతే, "ఎందుకిడిసినవే?" అని నిలదీసేవాడు. జీతం ఇచ్చేవాళ్లు కూడా నన్ను అంత గట్టిగా అడగలేదు. ఆ అరుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది.

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఒక మాట ఉండేది. "పటేల్ అడుగుతుండు, బూట్లు మంచిగ నడుస్తున్నయా అని."

"నడుస్తున్నయని చెప్పు."

తను నూరించిన బూట్లతోనే ఆ పిల్లకు నౌకరి దొరికిందని ఆయన హవేలిఘనపూర్ అంతా చెప్పుకున్నాడట. అది అక్షరాలా నిజం. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

కొన్నేళ్లకు మాల్‌వాళ్లు మంచు మైదానం మూసేశారు. ఐసును కరగనిచ్చి, నీళ్లు తోడేసి, అక్కడ సోఫాల దుకాణం పెట్టారు. మేం ఆడిన చోట ఇప్పుడు జనం కూర్చుని మెత్తగా ఉందో లేదో చూస్తున్నారు. నేను మెదక్ వచ్చేశాను. ఒక ప్రైవేటు బడిలో వ్యాయామం టీచర్‌గా చేరాను. పిల్లలకు ఆగడం కూడా నేర్పుతున్నాను.

ఈ ఏడు వానాకాలం చివర లదాఖ్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. అక్కడ ఆడపిల్లల జట్టు ఉంది, ఈ చలికాలం వచ్చి గోల్‌కీపర్లకు నేర్పగలరా, మాతో కలిసి ఆడగలరా అని. నేను జవాబు ఇవ్వలేదు. బడి ఉందని, వయసు వచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. వెళ్లి, మంచు మీద నిలబడి, నా వల్ల కాదని తెలిస్తే ఏం చేయాలి? ఆట నన్ను వదిలేసిందని ఒప్పుకోవడం కన్నా, నేనే దాన్ని వదిలేశానని చెప్పుకోవడం సుఖం. అది నలుగురిలో చెప్పేస్తే ఇంకా సుఖం, మళ్లీ మనసు మారదు.

అందుకని కోత పండుగ రోజు నా బూట్లు నేనే తుడిచి, నేనే తీసుకెళ్లి వరసలో పెట్టాను. దండ వేయలేదు.

అయ్యగారు పాతవారే. బూట్లు చేతికి రాగానే ఆయన ఆగిపోయి, కళ్లద్దాల మీదుగా అమ్మ వైపు చూశారు. "మళ్ల పెట్టినవా అమ్మా?"

"నేను ముట్టలే అయ్యగారూ!" అంది అమ్మ. ఈసారి చర్చి అని కూడా చూడలేదు.

"నేనే పెట్టిన," అన్నాను.

ఆయన తల ఊపి, పాడుండ్రి అన్నారు. ఎవరూ పాడలేదు. చికెన్ సెంటర్ ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆ బూట్లు తీసుకుపోతే ఆ పిల్ల ఆట ఆగిపోతుందని సంఘమంతటికీ తెలుసు. సొరకాయకు కొట్లాడేవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అంత నిశ్శబ్దం మా చర్చిలో ప్రార్థనలో కూడా ఉండదు.

వెనక నుంచి పటేల్ పాడాడు. ఇప్పుడు ఆయన చేతిలో కర్ర ఉంది, లేవడానికి పక్కవాళ్లు సాయం పట్టారు. అయ్యగారు ఒకటోసారి అన్నారు. ఎవరూ పెంచలేదు. పటేల్ అటూ ఇటూ చూశాడు. పోయినసారి పోటీగా నేనున్నాను, ఈసారి ఎవరూ లేరు. కాసేపు ఆగి, ఆయన తన పాట మీద తనే పెంచాడు.

"పటేలా, ఇంకెవలు పాడలే. పెంచుడు అవసరం లేదు," అన్నారు అయ్యగారు.

"ఉత్తగ తీస్కపోతె బిడ్డ ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు పటేల్, ఇంకోసారి పెంచుతూ. తనకు మర్యాద అనిపించిన ధర వచ్చేదాకా ఆయన ఒక్కడే పాడుకుంటూ పోయాడు. చర్చి అంతా ఓపికగా కూర్చుని విన్నది. నేను చాప వైపు చూస్తూ ఏడ్చాను. ఎందుకో తెలుసు, దాచను: ఆయన వాటిని తీసుకుపోతున్నాడని, నాకు అవి కావాలని.

మర్నాడు పొద్దున్నే ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. పటేల్ మెల్లగా దిగాడు. చేతిలో గోనెసంచి. విప్పకముందే నాకు తెలుసు. పట్టీలు తళతళలాడాయి. గాడి లేదు. ఈసారి వేలు పెట్టలేదు.

"నువ్వేమన్నవో వెనకకు ఇనబడలే గని, ఎవలో మళ్ల పొరపాటు చేసిన్రని సమజయింది," అన్నాడు అరుగు మీద కూర్చుని ఆయాసపడుతూ. "నువ్వు ఎప్పుడు పోవాల్నో ఏమో, జల్ది నూరించిన."

"పొరపాటు కాదు పటేలా. నేనే ఇడిసిపెట్టిన. ఆట అయిపోయింది."

ఆయన నా కాళ్ల వైపు చూశాడు. "కాలు నొస్తుందా?"

"లేదు."

"పిలిచేటోళ్లు లేరా?"

అబద్ధం చెప్పాలనిపించింది, కానీ అమ్మ చాయ్ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు నా ఫోన్ చూసే అలవాటు ఉంది. "పిలిచిన్రు," అన్నాను.

"మరి?" అన్నాడు పటేల్.

ఆయన జవాబు కోసం ఆగలేదు. చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. నేను బూట్లు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. అమ్మ లోపలికి వెళ్లి, రెండు బకెట్లు తెచ్చి వాకిట్లో పెట్టి, కాలి చెప్పు విప్పి చేతిలో పట్టుకుంది.

ఆ సాయంత్రం లదాఖ్‌కు జవాబు రాశాను. వస్తున్నాను, మీ దగ్గర గాడి పెట్టే మిషన్ ఉంటే సిద్ధంగా ఉంచండి, లేకపోయినా వస్తాను, కాకపోతే మొదటి రోజు గోల్‌లోంచి కదలను, ఏమీ అనుకోవద్దు అని.